దవాఖాన గుమ్మానికి వేపమండ

పోలీసు యాక్షన్‌కు పదేళ్ళ ముందు మాట. నేను నారాయణఖేడ్ సర్కారీ దవాఖానలో కాంపౌండర్‌గా చేరి అప్పటికి రెండేళ్ళయింది. దవాఖాన అంటే పెద్దగా ఊహించుకోకండి. ఊరి చివర, కల్హేర్ తోవ పక్కన రెండు గదులు, ముందొక వరండా, వెనక వంటకు ఒక రేకుల సాయబాను. డాక్టరు సాబ్ ఒకరు, నేనొకణ్ణి, డాక్టరు సాబ్ వెంట హైదరాబాదు నుంచి వచ్చిన ఖాదర్ చాచా ఒకడు. చాచా కాగితాల మీద చప్రాసీ, పొయ్యి దగ్గర వంటవాడు. నేనూ నగరంలో పుట్టి పెరిగినవాణ్ణే. అంటే ముగ్గురమూ బయటివాళ్ళమే. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. నేను చేసిన తెలివితక్కువ పనికి నాకున్న సాకు అదొక్కటే.

కాంపౌండర్ అంటే ఇప్పటి పిల్లలు చీటీ చూసి మాత్రలు ఇచ్చేవాడనుకుంటారు. అప్పట్లో మందు కలపడమంతా మా చేతుల మీదే. పొడులు తూచి, నీళ్ళలో కలిపి, సీసాకు మోతాదు తెలిసేలా గీతలు కత్తిరించిన కాగితం అంటించి ఇచ్చేవాణ్ణి. ఆ రంగునీళ్ళను మిక్చర్ అనేవాళ్ళం. పుండ్లు కడిగి కట్లు కట్టే డ్రెస్సింగ్ పని కూడా నాదే. పైగా నేను మెట్రిక్ పాసయ్యాను. ఒక తెల్ల కోటు కూడా ఉండేది. దాన్ని రెండు రోజులకోసారి ఉతికి ఆరేసుకుంటూ, ఆ తాలూకాలో నా అంత తెలివైనవాడు డాక్టరు సాబ్ తర్వాత ఎవరున్నారని అనుకుంటూ ఉండేవాణ్ణి.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చే కేసు నారికురుపు. ఇప్పుడది దేశంలోనే లేదు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. దిగుడు బావుల్లోకి దిగి, అందులోనే కాళ్ళు పెట్టి, ఆ నీళ్ళే ముంచుకుని తాగేవాళ్ళు. నీళ్ళతో లోపలికి పోయిన పురుగు ఏడాది తర్వాత కాలి దగ్గర బొబ్బ కట్టి తల బయట పెట్టేది. తెల్లటి దారంలా, మూరెడు పైనే ఉండేది. దానికి మందు లేదు. తలను అగ్గిపుల్లకు చుట్టి, రోజు విడిచి రోజు ఒకటి రెండు చుట్లు తిప్పుతూ, ఆ పుల్లను కాలికే కట్టి ఇంటికి పంపాలి. తొందరపడి గుంజితే పుటుక్కున తెగుతుంది. తెగిన ముక్క లోపల చీము పట్టి, కాలు ముడుచుకుపోయి, మనిషి జన్మంతా కుంటివాడైపోయినా పోవచ్చు. నాకు ఓపిక నేర్పింది బడి కాదు, ఈ పురుగే.

సాయవ్వ ఆ పురుగుతోనే వచ్చింది. కల్హేర్ తోవలో రెండు కోసుల దూరంలో ఆమె ఊరు. నలభై ఏళ్ళుంటాయి. మొగుడు పోయి రెండేళ్ళు. నాలుగెకరాల జొన్నచేను, ఇంట్లో ఒక అక్క. చెప్పులు వరండా కింద విడిచి, వచ్చిన పని చెప్పకముందే నన్ను నిలదీసింది.

"గిది గుంజితె తెగుతది. నాకెరుకే. నువ్వు గుంజెడిదుంటె ఇప్పుడే చెప్పు, నేను ఇంటికి పోత."

"గుంజను సాయవ్వా. ఏడాది పట్టినా గుంజను."

"ఏడాది పడ్తె జొన్న ఎవ్వడు కోస్తడు, నీ తాత కోస్తడా?"

ఖాదర్ చాచా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. నేను గంభీరంగా పురుగు తలను పుల్లకెక్కించి ఒక చుట్టు తిప్పాను. ఆమె పుల్ల వైపు చూడలేదు, నా వేళ్ళ వైపే చూసింది. కట్టు కడుతుంటే, ఎటో చూస్తూ చెప్పింది. "మా అక్క నర్సవ్వ కాలు సూడాలె నువ్వు. చిన్నగున్నప్పుడు నారు తెగింది. మోకాలు గిట్లనే వంగి ఉండిపోయింది. పెండ్లి గాలె, పేరంటం గాలె. నా కాలు గూడ గట్లనే అయితె మా ఇద్దరికి గంజి పోసేటోళ్ళు లేరు."

మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పడం ఆ రోజుల్లో ఒక విద్య. తారీఖులు ఆమెకు తెలియవు, ఆమె లెక్కించే సంతరోజులు నాకు అంతుపట్టవు. అందుకని కట్టుగుడ్డలోంచి ఒక దారం లాగి పది ముడులు వేసి ఇచ్చేవాణ్ణి. వచ్చినప్పుడల్లా ఒక ముడి నా ఎదురుగానే విప్పాలి. సాయవ్వకూ అలాగే పది ముడుల దారం ఇచ్చి, "ముడులు అయిపోయేసరికి నీ కాలు నీకు వస్తది" అన్నాను. ఆమె దాన్ని మెడలో పుస్తెలతాడు ఉండే చోట వేసుకుని పోయింది. ఆ తర్వాత మూడుసార్లు వచ్చింది, మూడు ముడులు విప్పింది. ఒక్కరోజు కూడా తప్పలేదు. నేను చాచాతో, "పేషెంట్ అంటే ఇట్లా ఉండాలె" అన్నాను.

అంతలో బజారులో ఎలుక పడ్డది.

ప్లేగు రోజులు చూడనివాళ్ళకు ఈ మాట బరువు తెలియదు. ఇంటి కప్పు మీది నుంచి చచ్చిన ఎలుక కింద పడిందంటే, ఆ ఇంటికే కాదు, ఊరికే పిలుపు వచ్చినట్టు. రెండు రోజుల్లో నారాయణఖేడ్ లేచిపోయింది. జొన్నచొప్పతో చేలల్లో గుడిసెలు వేసుకుని పిల్లాజెల్లా, మేకా బర్రె అందరూ అక్కడికే పోయారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ అదే దారి పట్టారు. మా దగ్గర ఊడ్చే మనిషి కూడా చీపురు గోడకు ఆనించి, చెప్పకుండానే పోయింది. డాక్టరు సాబ్ ఊరికి పడమట బీడులో డేరాలు వేయించారు. దాన్ని సెగ్రిగేషన్ క్యాంప్ అనేవాళ్ళం, అంటే జ్వరగాళ్ళను విడిగా ఉంచే చోటు. దవాఖానకు వచ్చే ప్రతివాడి నోట్లో వరండాలోనే థర్మామీటర్ పెట్టి చూడాలని, జ్వరం తేలితే లోపలికి రానివ్వకుండా డేరాలకు పంపాలని హుకుం. టీకా మందు కోసం జిల్లా సదరుకు మనిషిని పంపి ఎదురుచూస్తున్నాం.

అప్పుడే నా తెలివి పని చేసింది. మా అమ్మ నగరంలో ఏ రోగం మాట విన్నా గుమ్మానికి వేపమండలు కట్టేది, రోగం లోపలికి రాకూడదని. నేనూ నాలుగు పెద్ద మండలు విరిచి తెచ్చి, మంచిదని పసుపునీళ్ళు కూడా చల్లి, దవాఖాన గుమ్మానికి నిండుగా కట్టాను. డాక్టరు సాబ్ చూసి, "ఆకు మంచిదే, ఉండనీ" అన్నారు. దూరంగా నిలబడి చూసుకున్నాను. చాలా అందంగా ఉంది.

మర్నాడు ఒక్క పేషెంట్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ప్లేగు భయం అనుకున్నాం. కానీ గుడిసెల్లో కాన్పులున్నాయి, పుండ్లున్నాయి, పిల్లలకు విరేచనాలున్నాయి. రోజుకు ముప్పై మంది వచ్చే చోట కుక్క కూడా మెట్టు ఎక్కడం లేదు. డాక్టరు సాబ్ ఖాళీ రిజిస్టరు ముందు కూర్చుని గడ్డం నిమురుకుంటున్నారు. నేను ఒక ఉపాయం చెప్పాను. దండోరా వేయిద్దాం.

డప్పు కొట్టే మనిషిని పిలిస్తే అతను దవాఖాన దాకా రాలేదు. తోవ కింద నీళ్ళు పోయే మోరీ దగ్గరే ఆగి నిలబడ్డాడు. నేనే పోయి చెప్పాను, "భయపడకుండ్రి, దవాఖానకు రాండ్రి అని గుడిసె గుడిసెకు చెప్పు." అతను నా భుజం మీదుగా మా గుమ్మం వైపు చూసి మెల్లగా అడిగాడు.

"ఇంట్ల అంత మంచిగేనా సారూ?"

"మంచిగే."

అతను నా వైపు ఎంతో జాలిగా చూసి పోయాడు. ఆ జాలి ఎందుకో నాకు అర్థం కాలేదు. దండోరా వేశాక మోరీ దాటి మా ముందు నుంచి తోవన పోయేవాళ్ళు కూడా ఆగిపోయారు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది నేనే కళ్ళారా చూశాను.

నా మనసు మాత్రం సాయవ్వ పుల్ల మీదే ఉంది. మూడు వాయిదాలు తప్పింది. వారం రోజులు తిప్పకుండా వదిలేస్తే పురుగు ఎండి తెగే ప్రమాదం. అంత ఓపికగల మనిషి కూడా చివరికి ఇట్లా చేసిందేమిటని నాకు కోపం కూడా వచ్చింది. డాక్టరు సాబ్‌కు చెప్పి, డ్రెస్సింగ్ పెట్టె చేతబట్టుకుని పొద్దున్నే నడిచాను.

ఆమె గుడిసె చేను గట్టు మీదే ఉంది. ముందు అక్క నర్సవ్వ కూర్చుని జొన్న కంకులు కొడుతోంది. వంగిన కాలు ఒక పక్కకు పెట్టుకుంది. నన్ను చూసి నవ్వి, "సాయీ, నీ కంపోండరు వచ్చిండే" అని కేక వేసింది. సాయవ్వ గుడిసె లోంచి ఊతకర్ర పట్టుకుని వచ్చింది. పాదం బుడ్డలా వాచి ఉంది. కట్టు మాసిపోయింది. పుల్ల మాత్రం కట్టినచోట కట్టినట్టే ఉంది.

నేను ఆగలేదు. "నీకు నేనేం చెప్పిన? రోజు విడిచి రోజు రమ్మన్న. కాలు పోగొట్టుకుందామనుకున్నవా? నిన్ను చూసి నేను పేషెంట్ అంటే ఇట్లా ఉండాలె అనుకున్న."

ఆమె మెడలోంచి దారం తీసి నా ముందు పట్టుకుంది. లెక్కపెట్టాను. నాలుగు ముడులే ఉన్నాయి.

"మా దగ్గర మూడే విప్పినవు. ఆరు ఎట్లైనయ్?"

"నేను రాలేదన్నవ్ గద. మూడు మార్లు వచ్చిన. మోరీ దాక వచ్చి, మీ దర్వాజ సూసి, గాడనే ముడి ఇప్పి మర్లిపోయిన. నా మాట నేను తప్పలే. మీ ఇంట్ల యాప కట్టుకోని కూసుంటె నేను ఎట్ల వస్త?"

"వేప కడితే ఏమైంది? రోగం రావద్దని కట్టిన."

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నర్సవ్వకు నవ్వాగలేదు. సాయవ్వకు కోపమాగలేదు.

"రావద్దని ఎవ్వడన్న కడ్తడా? మా దిక్కు అమ్మోరు ఇంట్ల దిగినంక కడ్తరు. యాప సూసి ఎవ్వలూ లోపటికి రావద్దని. ఊరోళ్ళంత ఏమనుకుంటున్నరు ఎరుకనా? దవాఖానల అమ్మ కూసున్నది, డాక్టర్‌కే దిగింది, బయటికి చెప్తలేరు అనుకుంటున్నరు. అమ్మ ఉన్న ఇంట్ల ఉల్లిగడ్డ తాలింపు గూడ పెడ్తుండ్రని తిట్టుకుంటున్నరు. వాసన మోరీ దాక వస్తది."

నేను పెట్టె కింద పెట్టి గట్టు మీద కూలబడ్డాను. రెండు కోసులు ఆ కాలేసుకుని మూడుసార్లు వచ్చి, నేను అందంగా కట్టిన ఆకు చూసి వెనక్కి పోయిన మనిషిని తిట్టడానికి నేను అంతదూరం నడిచానన్నమాట. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఇప్పుడే పుల్ల తిప్పుతాను, కాలు ఇటు పెట్టమన్నాను.

ఆమె కాలు వెనక్కి లాక్కుంది. "యాప ఇంట్లకెల్లి వచ్చి నన్ను ముట్టుకుంటవా? ఇంట్ల అక్క ఉన్నది."

"పోయి ఇప్పుడే పీకేస్తా."

"పీకితె పోతదా? పిలిచి కూసోబెట్టి దొబ్బేస్తవా అమ్మను? సాగనంపాలె. ఇల్లు కడుగాలె. సల్లబువ్వ కుండల పెట్టి, డప్పుతోటి పొలిమేర దాక మోస్కపోయి పెట్టి రావాలె. మర్ల సూడకుండ రావాలె. గప్పుడే మేము మెట్టెక్కుతం."

"ఎవరు మోయాలె?"

"ఎవ్వలు కట్టిండ్రో వాళ్ళే."

తిరుగుదారిలో నేను అనుకున్నది ఉన్నదున్నట్టు చెబుతాను. మెట్రిక్ పాసై, మందులు కలిపే నేను, కుండ నెత్తిన పెట్టుకుని ఊరేగాలా అనుకున్నాను. మళ్ళీ ఆ వాచిన పాదం కళ్ళముందుకొచ్చింది. రెండు మూడు రోజులకు మించి ఆగేలా లేదు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని నన్ను నేనే తిట్టుకుంటూ వచ్చి డాక్టరు సాబ్‌కు అంతా చెప్పాను. ఆయన కోప్పడతారని భయం. ఆయనకు తెలుగు కొంచెం వచ్చు, ఓపిక అంతకంటే కొంచెం తక్కువ. ఆయన మాత్రం అడ్డుపడకుండా విన్నారు.

"ఆమె కాలు ఎన్ని దినాలు ఆగుతది?" అన్నారు.

"రెండు మూడు రోజులు సార్."

"అచ్ఛా. గట్లయితే రేపే. ఇల్లు కడగడం వాళ్ళ పద్ధతిల ఉన్నది, నా కితాబుల గూడ ఉన్నది. నీళ్ళల్ల ఫినాయిల్ కలుపు, వాళ్ళు వద్దంటారా?"

"వద్దనరు సార్."

"కుండ ఎవరు మోస్తరు?"

నేను నేల చూశాను. ఎలుక పడ్డప్పటి నుంచి డాక్టరు సాబ్ నవ్వింది ఆ పొద్దే. కుర్చీ వెనక్కి వాలిపోయేలా నవ్వారు.

మర్నాడు తెల్లవారి నేనూ చాచా రెండు గదులూ, వరండా, మెట్లూ ఫినాయిల్ నీళ్ళతో కడిగాం. అన్నం నేనే వండాను, కాస్త మాడింది. చాచాకు ప్రాణం విలవిలలాడింది. "పెరుగన్నంల జర తాలింపు వేస్తే ఏం పోతది బేటా" అని రెండుసార్లు బతిమాలాడు. తాలింపు మాటెత్తొద్దని దండం పెట్టాను. వేపమండలు విప్పి కుండ మూతికి చుట్టి, నెత్తిన పెట్టుకున్నాను. డప్పు మనిషి మోరీ దగ్గర ఎదురుచూస్తున్నాడు. నన్ను తెల్ల కోటులో చూసి, ఈసారి జాలి పడలేదు. డప్పు సవరించుకుని ముందు నడిచాడు.

చేలల్లో గుడిసెల ముందు జనం లేచి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు, అది నాకు ఇంకా కష్టంగా ఉంది. ఆడవాళ్ళు దూరం నుంచే చేతులు జోడించారు. కుండ సరిగా నిలపడం రాక పెరుగు నా నుదుటి మీదుగా కారి కళ్ళలో పడింది. ఒక చేత్తో కుండ, ఇంకో చేత్తో కన్ను. పొలిమేర రాయి దగ్గర దించి, చేతులు జోడించి, తిరిగి చూడకుండా నడవడం మొదలుపెట్టాను. నాలుగడుగులు వేశానో లేదో వెనక నుంచి చాచా, "బేటా, చెప్పు ఒకటి ఇక్కడనే మర్చిపోయినవ్" అని అరిచాడు. మెడ సగం తిరిగింది. డప్పు మనిషి దడేలుమని ఒక దెబ్బ వేసి ఆపాడు. ఆ చెప్పు నాకు మళ్ళీ దొరకలేదు. ఒంటి చెప్పుతో దవాఖాన చేరాను.

మరునాడు అందరికంటే ముందు వచ్చింది సాయవ్వే. మోరీ దాటింది. గుమ్మం వైపు చూసింది. మెట్ల దాకా వచ్చి అక్కడే కూర్చుండిపోయింది. చెప్పులు కూడా విడవలేదు.

"ఏంది సాయవ్వా, ఇంకేం బుగులు? వేప పోయింది గదా."

"యాప పోయింది. గా గాజుపుల్ల ఉన్నది గద."

వరండాలో పళ్ళెంలో థర్మామీటర్ ఉంది. భయపడకు అనబోయి, దండోరా గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. "చెప్పు, దానికేంది?" అన్నాను.

"రెండు కోసులు ఎండల నడిచొచ్చిన. ఒళ్ళు పెనం లెక్క కాలుతుంది. గుండె దడదడ కొట్టుకుంటుంది. నువ్వు గా పుల్ల పెడ్తవ్, ఉడుకున్నదంటవ్, డేరాలకు తోలుతవ్. గుడిసెల అక్క ఒక్కతె. నీళ్ళు ముంచుకునుడు గూడ చాతగాదు దానికి."

నిజమే కదా. ఎండలో నడిచి, భయంతో వణుకుతూ వచ్చినవాళ్ళ ఒళ్ళు వేడిగానే ఉంటుంది. మా హుకుం మాత్రం మెట్టెక్కగానే నోట్లో పుల్ల పెట్టమంటోంది.

"మరి ఏం చేద్దాం?" అన్నాను.

ఆ ప్రశ్న ఒక పేషెంట్‌ను అడగడం నా కొలువులో అదే మొదటిసారి. ఆమె అంతసేపూ జవాబు సిద్ధంగానే పెట్టుకుంది. "జెరసేపు నీడకు కూసోనియ్యి. నీళ్ళు ఇయ్యి. సల్లవడ్డంక పెట్టు. ముందుగాల నువ్వు పెట్టుకో, నేను సూస్త."

సరేనని కడిగి నా నోట్లో పెట్టుకున్నాను. నోట్లో అది ఉన్నంతసేపూ నేను మాట్లాడలేను గనక సాయవ్వ తీరిగ్గా నన్ను ఆడిపోసుకుంది. ఊరవతల డేరాలు వేసినోళ్ళు నీడకు ఒక పందిరి వేయలేకపోయారా అన్నది. నీళ్ళకుండ లోపల దాచుకున్నారేమని అడిగింది. తీసి చూస్తే పాదరసం జ్వరం ఎర్రగీత మీదికి ఒక పిసరు ఎక్కి ఉంది. ఆమెకూ చూపించాను. పొద్దుటి నుంచి చిమటాలూ కత్తెరలూ ఉడకబెడుతూ పొయ్యి ముందే ఉన్నాను మరి.

"గట్లయితె పో డేరాలకు" అన్నది సాయవ్వ.

లోపల డాక్టరు సాబ్ దగ్గినట్టు నవ్వారు. చాచా మాత్రం దాచుకోకుండా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, నవ్వుతూనే చెప్పులు విడిచి మెట్లెక్కింది. ఇద్దరం నీళ్ళు తాగి, నీడన కూర్చుని, జొన్నల ధర దగ్గర్నుంచి నా పెళ్ళి దాకా మాట్లాడుకున్నాం. కాసేపటికి ఇద్దరి ఒళ్ళూ చల్లబడ్డాయి, పుల్ల పెట్టి చూస్తే ఇద్దరికీ జ్వరం లేదు. ఆ సాయంత్రమే డాక్టరు సాబ్ మెట్ల పక్కన చొప్పపందిరి వేయించి నీళ్ళకుండ పెట్టించారు. వచ్చినవాళ్ళు అక్కడ కూర్చుని చల్లబడ్డాకే పుల్ల అని హుకుం మార్చారు.

కట్టు విప్పితే కాలు నేననుకున్నంత పాడవలేదు. తడిగుడ్డ వేసి చాలాసేపు నానబెట్టి, అర చుట్టు తిప్పాను. మధ్యలో రెండుసార్లు ఆగాను. "నీకేంది బుగులు, మెల్లగ తిప్పు" అన్నది. ఆ వారం గుడిసెల నుంచి ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. సాయవ్వ వాయిదా తప్పలేదు. మిగిలిన నాలుగు ముడులు చాలకపోతే తనే ఇంకో మూడు వేసుకుంది. మోరీ దగ్గర విప్పినవి లెక్కలోకి రావని తనే తేల్చింది.

చివరి ముడి రోజు అక్కను వెంట తీసుకుని బండి మీద వచ్చింది. నర్సవ్వ వరండాలో నా పక్కనే కూర్చుంది. చివరి చుట్టు తిప్పేసరికి పురుగు కొస నెమ్మదిగా జారి బయటికొచ్చింది. తెగలేదు. మొత్తంగా వచ్చేసింది. సాయవ్వ లేచి నిలబడింది. ముడుకులు మడిచి కూర్చుంది, మళ్ళీ లేచింది. ఇంకోసారి కూర్చుని లేచింది.  నేను పుల్లను గుడ్డ మీద పెట్టాను.

నర్సవ్వ ఆ పుల్లను అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది. "మొత్తం వచ్చింది సాయీ" అన్నది. తర్వాత నా వైపు తిరిగి, ఎప్పటిలా నవ్వుతూనే చెప్పింది. "నాది గుంజిందెవ్వలో ఎరుకనా కంపోండరూ? ఇదే. ఆరేండ్ల పిల్లనాడు. అక్కకు నొస్తుందని, జల్దీ తీసేస్త అని పట్టి గుంజింది. ఇంక గా దినం సంది నేను నవ్వుతనే ఉన్న, ఇది ఏడుస్తనే ఉన్నది. ఇగనన్న ఊకుంటదేమో అడుగు."

సాయవ్వ అక్క వంగిన మోకాలి మీద చేయి వేసి కూర్చుండిపోయింది. వారం రోజులు మోరీ దాకా వచ్చి వెనక్కి పోతూ కూడా ఆ పుల్లను ఆమె ఎందుకు ముట్టుకోలేదో, మొదటి రోజు నా వేళ్ళ వైపే ఎందుకు చూసిందో నాకు అప్పుడు తెలిసింది. తిట్టినందుకు మళ్ళీ క్షమాపణ చెబుదామనుకున్నాను. అంతలో చాచా రెండు గ్లాసుల చాయ్ తెచ్చి అక్కాచెల్లెళ్ళ ముందు పెట్టాడు.

ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళు కొలువు చేశాను. ప్లేగులు, గత్తరలు, మశూచికాలు ఎన్నో చూశాను. దవాఖానకు రావడానికి జంకిన మనిషి ఎవరైనా సరే, భయపడకు అన్న మాట మళ్ళీ అనలేదు. ఏం చూసి భయపడ్డవ్ అని అడిగేవాణ్ణి. అడిగితే చెప్పనివాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. చాలాసార్లు వాళ్ళు చూసి భయపడింది మేము పెట్టిందే అయ్యేది.

మరుసటి ఏడు ప్లేగు టీకాలు వేస్తున్నామని చాటించాం. మొదటి రోజు పొద్దెక్కినా ఎవరూ రాలేదు. డాక్టరు సాబ్ నా వైపు చూశారు, నేను తోవ వైపు చూశాను. అప్పుడు కల్హేర్ దిక్కు నుంచి పదిహేను ఇరవై మంది ఆడవాళ్ళు వచ్చి మోరీ అవతల ఆగారు. అందులోంచి ఒకామె ఒక్కతే ముందుకు నడిచి వచ్చింది. కాలు ఎక్కడా కుంటడం లేదు. సాయవ్వ నా వైపు చూడకుండానే మెట్ల దగ్గర నిలబడి గుమ్మం ఈ మూల నుంచి ఆ మూల దాకా కలియజూసింది. తలుపు వెనక కూడా తొంగిచూసింది. తర్వాత మోరీ వైపు తిరిగి చెయ్యి ఊపింది.

"ఏం లేదు, రాండ్రి."